సవరం మీద చేసిన పరీక్ష

షాంపూ సీసా మీద 'కుంకుడుకాయ గుణాలతో' అన్న మాట కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సూపర్ మార్కెట్‌లో మా ఇంట్లోవాళ్ళు నన్ను ఆ వరసలోకి రానివ్వరు. వస్తే సీసాలు తిప్పి వెనకాల చిన్న అక్షరాలు చదువుతాను, చదివి పైకే తిడతాను, పక్కన నిలబడ్డవాళ్ళు సబ్బు కూడా కొనకుండా జారుకుంటారు. ఈ కోపంలో సగం నా మీదే. ల్యాబు కోటు వేసుకుని, ఏదో పరీక్ష చేసి, కాగితం కింద సంతకం పెట్టే ఉద్యోగాల్లో ఇప్పుడిప్పుడే చేరుతున్న పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను. నీతులు చెబుతానని భయపడకండి. అంత నీతే ఉంటే ఆ సంతకం పెట్టేదాన్నే కాదు.

తెనాలి నుంచి దుగ్గిరాల వెళ్ళే దారిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు కెమిస్టుగా పనిచేశాను. ఫ్యాక్టరీ అంటే ఒక రేకుల షెడ్డు, సరుకు కలిపే నాలుగు తొట్లు, సీసాలు నింపే ఆడవాళ్ళు పదిమంది, మూలన అద్దాల తలుపు బిగించి 'ల్యాబ్' అని రాసిన గది. ఆ గదికి పెద్దా నేనే, చిన్నా నేనే. ఫినాయిలు, గిన్నెలు తోమే లిక్విడ్, షాంపూ చేసేవాళ్ళం. మల్లె సెంటు వేసినా గులాబీ సెంటు వేసినా, ఎండాకాలం దుగ్గిరాల మార్కెట్‌కి పసుపు లారీలు వరసగా పోయే రోజుల్లో అన్నిటికీ పసుపు వాసనే పట్టేది.

షాంపూలో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. నురగనిచ్చే డిటర్జెంటు, నీళ్ళు, చిక్కదనానికి ఉప్పు, తలకి పడే పులుపు కోసం కాస్త నిమ్మ ఉప్పు, రంగు, సెంటు. అసలు కిటుకంతా డిటర్జెంటు దగ్గరే ఉంది. మన వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి సన్నటి పొలుసులు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. తలలో ఊరే కాస్త జిడ్డు వాటికి కాపు. మెత్తటి డిటర్జెంటు మురికిని తీసి ఆ కాపును కొంతయినా ఉంచుతుంది. ఘాటుది అన్నిటినీ ఊడ్చుకుపోతుంది. అప్పుడు పొలుసులు లేచి, పక్క వెంట్రుక పొలుసుల్ని పట్టుకుంటాయి. చిక్కు పడేది అలాగే. దువ్వెన పెట్టి లాగితే తెగుతుంది. ఇదంతా నేను బాపట్లలో చదువుకున్నదే. మరిచిపోయి చేసిన తప్పని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

మావాళ్ళకేమో నురగ కావాలి. వారమంతా తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, ఆదివారం రెండు చుక్కల షాంపూ వేసి, బుస్సున పొంగలేదంటే "ఇదేం షాంపూ అండీ, నీళ్ళు" అని దుకాణంవాడి మొహాన కొడతారు. అందుకని మా ఫ్యాక్టరీలో ప్రతి బ్యాచికీ ఒక పరీక్ష ఉండేది. ల్యాబు కిటికీ మేకుకి, జడలో కలిపి అల్లుకునే సవరం ఒకటి వేలాడేది. తెనాలి బజార్లో కొన్నది, మూరెడు పొడవు. దానికి నూనె పట్టించి, కొత్త షాంపూతో కడిగి, నురగ చూసి, ఆరబెట్టి, దువ్వేదాన్ని. దువ్వెన ఆగకుండా దిగితే బ్యాచి పాసు. నాకు ముందున్న కెమిస్టు నేర్పిన పద్ధతి అది. సీసాలు నింపే ఆడవాళ్ళు అద్దంలోంచి చూసి, "మేడమ్‌గారి కూతురికి ఇవాళ తలంటండోయ్" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆఖరి నాలుగేళ్ళూ ఒకే సవరాన్ని కడిగాను. ఆ సవరం ఎప్పుడూ ఫెయిలవలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దా?

ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన పోయాక ఆయన అల్లుడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నాకంటే పదేళ్ళు చిన్న. మామూలుగా మేడమ్ అనేవాడు. అక్కయ్యా అన్నాడంటే నా నోరు నొక్కబోతున్నాడని అర్థం. ఒకరోజు ల్యాబులోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అక్కయ్యా, హాస్టళ్ళకి ఐదు లీటర్ల క్యాన్లు వేద్దామండి. నురగ మాత్రం దంచెయ్యాలి. కొత్త సప్లయరు దగ్గర డిటర్జెంటు పేస్టు మాట్లాడాను."

పేస్టు వచ్చింది. డ్రమ్ము మూత తీస్తే కిరసనాయిలులాంటి వాసన. ఏంటండీ ఇది అంటే, "సెంటు రెట్టింపు వెయ్యండి అక్కయ్యా, సరిపోద్ది" అన్నాడు. వేశాను. తొట్లో సరుకు కలిపే పనివాడు ఒకాయన ఉండేవాడు. నాకంటే ముందే ఆ ఫ్యాక్టరీలో చేరినవాడు, అనవసరంగా ఒక్క మాట మాట్లాడడు. ఆయన ఆ సాయంత్రం ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడమ్‌గారూ, హాస్టల్ క్యాన్లలో పోసేది గిన్నెల సరుకేనండి. అదే పేస్టు. రంగూ సెంటూ మారినయ్యంతే."

"మీ పని మీరు చూసుకోండి" అన్నాను. సరిగ్గా ఆ మాటే అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. మళ్ళీ నాతో సరుకు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన చెప్పింది నిజమని నా ముక్కుకి తెలుసు. తెలిసీ సవరాన్ని కడిగాను, దువ్వాను, పాసు అని రాశాను. గొడవ పెట్టుకుంటే రేపు యజమాని మొహం ఎలా చూడాలి, కొత్త చోట ఎవరు ఉద్యోగం ఇస్తారు, ఇలాంటి లెక్కలు నాకూ ఉన్నాయి. వాటిని సాకుగా చెప్పుకోను.

ఆరు నెలలకి రేపల్లె దగ్గర ఒక ఆడపిల్లల హాస్టలు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఏదో ట్రస్టు నడిపే హాస్టలు అది. పిల్లల జుట్టు కొబ్బరి పీచులా బిరుసెక్కిపోతోందని, దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వస్తోందని, ఆదివారం చూడ్డానికి వచ్చిన తల్లులు గేటు దగ్గర గోల చేశారని వార్డెన్ చెప్పింది. మా యజమాని ఒక క్యాను వెనక్కి తెప్పించి నా బల్ల మీద పెట్టించాడు. నేను మళ్ళీ మేకు మీది సవరాన్ని తీశాను. ల్యాబులో ఫిల్టరు నీళ్ళు ఉంటాయి, వాటితో కడిగాను. దువ్వెన సర్రున దిగింది.

"చూశారా, మన సరుకులో తప్పేం లేదు" అన్నాడాయన. "మరి తప్పెక్కడుందో కూడా రాయాలి కదా అక్కయ్యా. అక్కడ తలంట్లు పోసే ఆయా ఉందట. బట్టల సోడానో ఏదో కలిపేసుంటుంది. ఆ ముక్క కూడా పెట్టండి."

పెట్టాను. 'పరీక్షించిన షాంపూలో లోపం లేదు. తలంటు పోసే ఆయా ఇతర పదార్థాలు కలిపి ఉండవచ్చు.' ఉండవచ్చు! ఆ మాట గుర్తొస్తే నా చెయ్యి నేనే కొరుక్కోవాలనిపిస్తుంది. చూడని మనిషి మీద, అడుగు పెట్టని చోట జరిగిన దాని మీద 'ఉండవచ్చు' అని రాసేసి మధ్యాహ్నం క్యారియరు విప్పుకుని సుబ్బరంగా అన్నం తిన్నాను.

తర్వాత శనివారం ట్రస్టు సెక్రటరీ బాపట్ల నుంచి విచారణకి వస్తున్నాడని, రిపోర్టు పట్టుకుని నేనూ రావాలని కబురు. యజమాని కారులో బయలుదేరాం. భట్టిప్రోలు దాటేదాకా ఆయన ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి కాలవ చూస్తూ కూర్చున్నాను. తేలిగ్గా అయిపోయే పనే అనుకున్నాను.

హాస్టలు మెట్ల మీద ముగ్గురు పిల్లలు తువ్వాళ్ళు కప్పుకుని కూర్చున్నారు. చిక్కు విడదీయడం కుదరక వాళ్ళకి క్రాపు కొట్టించారట. మిగతావాళ్ళకి సోమవారం మంగలిని పిలిపిస్తున్నామని వార్డెన్ మామూలుగా చెప్పింది. ఏడో క్లాసు పిల్లని ఒకదాన్ని నా ముందుకి తోసింది. జడ విప్పి చూశాను. చివర్లు చీలిపోయి, మధ్యలో ముడులు పడి, పట్టుకుంటే గరగరలాడుతోంది. ఆ పిల్ల నా చేతిలోంచి జుట్టు మెల్లగా లాక్కుంది.

"నాకు క్రాపు వద్దండి" అంది.

సెక్రటరీ వరండాలో కుర్చీ వేయించుకుని నా రిపోర్టు పైకి చదివాడు. చదవడం అయ్యాక, గుమ్మం పక్కన నిలబడ్డ ఆయా వైపు తిరిగాడు. రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర పల్లెటూరామె, యాభై దాటి ఉంటాయి. తొమ్మిదేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది.

"ఏం కలిపావమ్మా?" అన్నాడు.

"దేవుడి ఎదుట చెప్తన్నానండి, ఏం కలపలేదు. క్యాను మూత పిల్లల ముందే తీస్తానండి."

"మరి కెమిస్టుగారు రాశారే? చదువుకున్నావిడ. అబద్ధం రాస్తారా? నువ్వు ఒప్పుకుంటే సరేసరి, లేకపోయినా ఇక పనిలోకి రావక్కర్లేదు."

ఆవిడ చేతులు జోడించింది. అప్పుడు చూశాను ఆ అరచేతులు. వేళ్ళ సందుల్లో తెల్లగా పొరలు లేచి, గీతల వెంట పగిలిపోయి ఉన్నాయి. మా షెడ్డులో గిన్నెల లిక్విడ్ నింపే ఆడవాళ్ళ చేతులు అలాగే ఉంటాయి. అలాంటి చేతుల్ని ఏళ్ళ తరబడి రోజూ చూసినదాన్ని నేను. అయినా నోరు విప్పలేదు. ఆవిడే విప్పింది.

"మేడమ్‌గారండీ, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. దీన్ని ఎవరి తల మీద చూశారండి?"

"సవరం మీద" అన్నాను.

మెట్ల మీది పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఇక్కడి బోరు నీళ్ళతోనేనాండి?"

"కాదు. ఫిల్టరు నీళ్ళు."

"మరి మీరేం పెట్టుకుంటారండి తలకి?"

అప్పుడు నాకు నడుం దాకా జడ ఉండేది. పిల్లలంతా నా జడ వైపే చూస్తున్నారు. ఇరవై ఆరేళ్ళు షాంపూ చేసి, దాని మీద జీతం తిని, ఒక్కసారి కూడా మా షాంపూ నా తలకి తాకనివ్వలేదు.

"కుంకుడుకాయ" అన్నాను. ఆ వరండాలో పడ్డంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

"అది ఆవిడ ఇష్టమండీ, దానికీ దీనికీ సంబంధం ఏంటి?" అని మా యజమాని గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకి నా తలలో ఏదో పుటుక్కుమంది. లేచి, జడ విప్పుకుంటూ కుళాయి గట్టు దగ్గరికి నడిచి కూర్చున్నాను.

"రామ్మా. సీలు తీయని క్యాను తెచ్చి పొయ్యి. పిల్లలకి ఎలా పోస్తావో అలాగే పొయ్యి. ఒక్క పిసరు తేడా రాకూడదు."

"అక్కయ్యా, ఏంటిది నలుగురిలో! లేవండి" అని యజమాని పరిగెత్తుకొచ్చాడు.

"నన్ను అక్కయ్యా అన్నావంటే ఊరుకోను" అన్నాను. నువ్వు అనేశాను. పిల్లలు మళ్ళీ నవ్వారు.

ఆవిడ ముందు నా జుట్టు చివర్లకి నూనె రాసింది. ఎందుకంటే, "పిల్లలకి ఇట్టా రాస్తే కొంచెం తక్కువ తెగుద్దండి" అంది. చదువుకోని మనిషి చేత్తో పట్టుకున్న సంగతిని, చదువుకున్నదాన్ని నేను కిటికీ మేకుకి వేలాడదీసి ఊరుకున్నాను. గరిటెతో కొలిచి షాంపూ పోసింది. నురగ మా యజమాని కోరినట్టే పొంగింది. "కళ్ళు మూసుకోండమ్మా, మండుద్ది" అని తన అరచెయ్యి నా కళ్ళకి అడ్డం పెట్టింది. ఆ పగుళ్ళు నా నుదుటికి గరుగ్గా తగిలాయి. రెండుసార్లు రుద్ది, బోరు నీళ్ళతో కడిగింది. ఉప్పు నీళ్ళు అవి. ఘాటు డిటర్జెంటుకి ఆ నీళ్ళు తోడైతే వెంట్రుక మీద సున్నం పట్టినట్టు ఒక పొర దిగుతుంది. కడుగుతుంటేనే తెలిసింది, జుట్టు వేళ్ళకి పట్టుకుని జారడం లేదు.

ఎండలో నిలబడి ఆరబెట్టుకున్నాను. ఎవరూ వెళ్ళలేదు. సెక్రటరీ టీ తెప్పించుకున్నాడు. ఆరాక ఆయా దువ్వెన తెచ్చింది. జానెడు దిగి ఆగిపోయింది. నేను లాక్కుని గట్టిగా దువ్వాను, దువ్వెనతోపాటు గుప్పెడు జుట్టు వచ్చింది. నొప్పికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇందాక నా చేతిలోంచి జుట్టు లాక్కున్న ఆ పిల్ల దగ్గరికొచ్చి, "కింద నుంచి దువ్వుకోవాలండి, పైనుంచి కాదు" అని నేర్పింది.

సవరం ఎందుకు చెప్పలేదో అప్పుడు తట్టింది నాకు. బజారు సవరాన్ని ముందే మందుల నీళ్ళలో నానబెట్టి పొలుసులన్నీ కరగదీస్తారు, పైన మెరుపు కోసం పూత వేస్తారు. లేవడానికి దాని మీద పొలుసులే లేవు. గిన్నెల లిక్విడ్ కాదు, యాసిడ్ పోసి కడిగినా అది పాసే అవుతుంది. నాలుగేళ్ళ బ్యాచులన్నిటికీ నేను పెట్టిన సంతకాలు అలాంటివి.

తడి జాకెట్టుతోనే వెళ్ళి సెక్రటరీ ముందు నిలబడ్డాను. "నా రిపోర్టు తప్పండి. ఆవిడ ఏం కలపలేదు. ఇది గిన్నెలు తోమే సరుకు. పరీక్ష తప్పుగా చేసింది నేను, ఆవిడ మీద రాసింది నేను."

ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చూడండి మేడమ్. మీరు రాసింది ఒకటుంది, మీరు చెప్పేది ఒకటుంది. నేను కాగితాన్ని బట్టి పోవాలి. బయట ల్యాబుకి పంపిస్తాం. తేలేదాకా క్రాపులు ఆపండి, షాంపూ ఆపండి. ఆవిడ కూడా రానక్కర్లేదు."

"ఆవిడెందుకు రాకూడదు?" అని అరిచాను. గొంతు చించుకున్నాను. నేను రెండు వాక్యాలతో ఎంత తేలిగ్గా తీసేయించానో ఎంత అరిచినా అంత తేలిగ్గా పెట్టించలేకపోయాను. ఆయా లోపలికి వెళ్ళి తన సంచి తెచ్చుకుంది. పిల్లలు గేటు దాకా వెంట వెళ్ళారు.

యజమాని కారు అప్పటికే వెళ్ళిపోయింది. రేపల్లె స్టేషన్‌కి ఆటోలో వెళ్ళి తెనాలి ప్యాసింజరు ఎక్కాను. చిక్కుబడి పైకి లేచిన ఆ జుట్టుని చూసి పెట్టెలో ఒకావిడ, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని జాలిగా జరిగి చోటిచ్చింది. సోమవారం వెళ్ళి, షాంపూ క్యాన్లలో ఏ పేస్టు వెళ్ళిందో ఉన్నదున్నట్టు రాశాను. పాత రిపోర్టు తప్పని, ఆయా గురించి రాసింది నా కల్పన అని రాశాను. ఒకటి యజమాని బల్ల మీద పెట్టి, ఒకటి ట్రస్టుకి రిజిస్టరు పోస్టులో పంపి, రాజీనామా ఇచ్చి వచ్చేశాను. తొట్టి దగ్గర సరుకు కలిపే ఆయన తల ఎత్తి చూశాడు. క్షమించండి అన్నాను. "ఇప్పుడెందుకులెండి" అన్నాడు.

ఫ్యాక్టరీకి ఏమైనా అయిందనుకుంటున్నారా? ఏం కాలేదు. పేరు మార్చారు, లేబుల్ మీద కుంకుడుకాయల గుత్తి బొమ్మ వేశారు. బేరం బాగానే సాగుతోందట.

నాలుగు నెలలకి ట్రస్టు వాళ్ళ ఉత్తరం కాపీ నాకు వచ్చింది. ల్యాబులో ఆ షాంపూ తలకి పనికిరాదని తేలింది, కొనడం ఆపేశాం, పిల్లల విషయంలో ట్రస్టు ఎప్పుడూ శ్రద్ధ వహిస్తుంది. ఇంతే. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. గెలిచామనుకున్నాను. ఆ మర్నాడే బస్సెక్కి నగరం వెళ్ళి, దారి అడుగుతూ ఆయా ఊరు చేరాను.

ఆవిడ అప్పుడే కలుపు తీసి చేలోంచి వచ్చినట్టుంది, పాదాలకి బురద ఆరలేదు. నన్ను చూసి మంచం వాల్చింది. "పిల్లలు బాగున్నారాండి?" అని అడిగింది. హాస్టల్లో కొత్తామెని పెట్టుకున్నారని, పక్క ఊరామేనని తనే చెప్పింది. నేను ఉత్తరం తీసి, రొమ్ము విరుచుకుని చదివాను. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ విని, "ఇంకోసారి చదవండమ్మా" అంది. ఈసారి నెమ్మదిగా చదివాను. చివరికొచ్చేసరికి నా గొంతు నాకే తగ్గిపోయింది.

"అందులో నా సంగతి ఎక్కడుందండి?" అంది.

కాగితం తిప్పి చూశాను. వెనకాల ఖాళీ.

"లేదమ్మా" అన్నాను.

"మీరు ముందు రాసిందాంట్లో ఉన్నానుగా?" అంది. కోపంగా అనలేదు, తెలుసుకోవడానికే అడిగింది. నేను కాగితం మడుస్తుంటే, లోపలికెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది.